జర్మనీ కవరు మీద నా పేరు

ఆ రోజుల్లో కవరు మీద ఎవరి పేరుంటే లోపలి తెలివి కూడా వాళ్లదేనని మా వైపు జనం నమ్మేవాళ్లు. ఇన్నేళ్లలో చదువులు పెరిగాయి, ఊరూరికీ కాలేజీ బస్సులు తిరుగుతున్నాయి, కాబట్టి ఆ నమ్మకం ఎప్పుడో పోయి ఉంటుందనుకున్నాను. పోలేదని గత నెల తాండూరులో ఒక ఫంక్షన్ హాల్లో, మెడలో మూడు దండలు, భుజాల మీద రెండు శాలువాలు ఉన్నవేళ తెలిసింది. మా జూనియర్ కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం నాకు సన్మానం చేసింది. హైదరాబాదులో యూనివర్సిటీ పిల్లలకు జర్మన్ పాఠం చెప్పే మనిషి ఈ ప్రాంతం నుంచి నేనొక్కణ్నేనట. సంఘం అధ్యక్షులవారు (ఇంటర్లో నా వెనక బెంచీలో కూర్చుని నా రికార్డు చూసి రాసినవాడు, ఆ సంగతి ఆయన ప్రసంగంలో రాలేదు) మైకు పట్టుకుని, నేను బర్రెలు కాసుకుంటూ, వీధి దీపం కింద కూర్చుని, గురువన్నవాడు లేకుండా జర్మన్ నేర్చుకున్నానని, అంతటితో ఆగకుండా ఇంట్లో ఉన్న అక్కకు కూడా నేర్పిన పుట్టు ఉపాధ్యాయుణ్నని చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. మా ఇంట్లో బర్రెలు ఏనాడూ లేవు. ఒక జత ఎద్దులుండేవి, వాటిని కాసే పని నాకెవరూ అప్పజెప్పలేదు, ఎందుకంటే నాకు అప్పజెప్పిన పని ఏదీ సాయంత్రానికి అయ్యేది కాదు. మా ఊళ్లో వీధి దీపం వెలగగా చూసిన జ్ఞాపకం నాకు లేదు. ఇక గురువు లేకపోవడం సంగతి. ఆ గురువు ఆడవాళ్ల వైపు మూడో వరుసలో నీలం చీర కట్టుకుని కూర్చుని అందరితో పాటు చప్పట్లు కొడుతోంది.

అందుకని లేచి నిలబడి నిజం చెప్పాను. జర్మన్ నేర్చుకున్నది మా అక్క, నాకు నేర్పింది కూడా ఆమె, నేను ఆమెకు నేర్పానన్నది పచ్చి అబద్ధం అన్నాను. ఇంతకంటే తేట తెలుగులో ఎలా చెప్పాలో నాకు తెలియదు. హాలంతా అంతకు ముందుకన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. అధ్యక్షులవారు కళ్లు తుడుచుకుని, ఇదీ వినయమంటే, ఇంత ఎత్తుకు ఎదిగి కూడా క్రెడిటంతా తోబుట్టువుకే ఇస్తున్నాడు, చూసి నేర్చుకోండి అని ముందు వరుస పిల్లలకు చెప్పాడు. మర్నాడు జిల్లా పేజీలో నా ఫోటో పడింది. కింద 'నా విజయం అక్కకే అంకితం' అని రాశారు. నేను ఏదీ ఎవరికీ అంకితం చెయ్యలేదు. దొంగసొత్తు తిరిగి ఇచ్చేస్తున్నానని చెప్పాను, దాన్ని వీళ్లు దానం కింద రాసుకున్నారు. అధ్యక్షులవారికి ఫోన్ చేసి సవరణ వేయించమంటే, "ఇప్పుడెందుకు సార్, శాలువ గిట్ల కప్పినం గదా, అంత మంచిగనే అయింది" అన్నాడు. కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. వినయమని ఎవరూ అనుకోవడానికి వీల్లేనంత వివరంగా, నా నీచత్వంతో సహా రాస్తున్నాను.

మాది కోట్‌పల్లి పక్కన ఊరు. నాయిన కందులు, జొన్నలు పండించేవాడు. మాకొక పెద్ద రేడియో ఉండేది. రైతుల కార్యక్రమం, మార్కెట్ రేట్లు, వార్తలు, ఈ మూడూ అయ్యాక నాయినకు దానితో పని లేదు. అక్క నాకంటే మూడేళ్లు పెద్దది. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైంది. ఆపైన చదవాలంటే తాండూరో వికారాబాదో బస్సులో పోయి రావాలి. ఆడపిల్లను రోజూ బస్సెక్కించడం నాయినకు ఇష్టం లేదు, నన్ను ఎక్కించడానికి అభ్యంతరం లేదు. (నేను పదో తరగతి ఎన్నో క్లాసులో పాసయ్యానన్నది ఇక్కడ అవసరం లేదు.) అక్క ఇంట్లో ఉండి ప్రైవేటుగా హిందీ పరీక్షలు రాసేది. దీపాలు పెట్టే వేళ చేటలో కందులు ఏరుకుంటూ రేడియో ముల్లును అటూ ఇటూ తిప్పితే, ఒకరోజు గరగర శబ్దం మధ్యలో జర్మనీ నుంచి హిందీలో కార్యక్రమం దొరికింది. అందులో రోజూ కాసేపు జర్మన్ పాఠం చెప్పేవాళ్లట. ఉత్తరం రాస్తే పుస్తకాలు ఉచితంగా పంపిస్తారట. అక్క రాసింది. రాసే ముందు నన్ను దొడ్లోకి పిలిచింది.

"నేను నీ పేరు మీద రాస్తున్నరా," అంది. "నా పేరు మీద పరాయి దేశం కెళ్లి కవరొస్తే నాయిన రేడియోను బాయిలేస్తడు. నీ పేరైతే ఎవరేమనరు. నువ్వేం చెయ్యకు, నోరు మూసుకుని ఉంటే చాలు."

నోరు మూసుకోవడానికి నాకేమిస్తావని అడిగాను. రాసుకోండి, ఇది మొదటి నీచత్వం. పుస్తకాలు తనకు, మిగతావన్నీ నాకు అని ఒప్పందమైంది. ఆ మిగతావి ఎన్ని వస్తాయో పాపం ఆమెకు తెలియదు. స్టాంపులు, స్టిక్కర్లు, నున్నటి కాగితం మీద కోటల బొమ్మలున్న క్యాలెండర్లు, నీలం పెన్నులు, ఒకసారి ఒక టోపీ. మా పోస్టుమాన్‌ను అందరూ సైకిల్ సాబ్ అనేవాళ్లు. ఆయన ఆ కవరును మిగతా ఉత్తరాలతో కలపకుండా చొక్కా లోపల పెట్టుకుని తెచ్చి, ఊరి మధ్యలో సైకిలు దిగి, "జర్మనీ వాలే సాబ్ ఉన్నడా ఇంట్ల" అని కేకేసేవాడు. ఆరు నెలల్లో నా పేరు పోయి జర్మనోడు అనే పేరొచ్చింది. తాండూరు కాలేజీలో నేను జేబుకు నీలం పెన్ను పెట్టుకుని, పుస్తకాలకు స్టిక్కర్లు అంటించుకుని తిరిగేవాణ్ని. జర్మన్‌లో ఏదన్నా మాట్లాడమని స్నేహితులు అడిగితే, ఆ భాష ఊరికే మాట్లాడేది కాదు, గొంతు పాడవుతుంది అని చెప్పేవాణ్ని. అందరూ నమ్మారు. రేడియో వాళ్ల పాఠాలన్నీ పూర్తి చేసి, ప్రశ్నలకు జవాబులు రాసి పంపినందుకు అక్కకు (అంటే నాకు) ఒక సర్టిఫికెట్ వచ్చింది. నాయిన దాన్ని వికారాబాదుకు తీసుకుపోయి ఫ్రేము కట్టించి, దేవుడి పటాల పక్కన మేకు కొట్టి తగిలించాడు. దాని కిందే కూర్చుని అక్క రోజూ కందులు ఏరేది. ఒక్కసారన్నా తలెత్తి చూసేది కాదు.

ఇలా నడిచిపోయేదే. అయితే నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా, దసరాకు ముందు ఒక కవరు వచ్చింది. ఆ రేడియో పెద్దమనిషి ఒకాయన శ్రోతలను చూడడానికి మన దేశం వస్తున్నాడట. అనంతగిరిలో మన ప్రాంతపు శ్రోతలందరినీ కలుస్తాడట. ముఖ్యంగా, ఇంత చక్కటి ఉత్తరాలు రాస్తున్న కోట్‌పల్లి శ్రోతతో మాట్లాడాలని ఉందట. కోట్‌పల్లి శ్రోత అక్కడికక్కడే మంచమెక్కాడు. నాకు జ్వరమని చెప్పు అని అక్కను బతిమాలాను. చెప్పింది. జ్వరముంటే దుప్పటి కప్పుకుని పోదామన్నాడు నాయిన. ఆయన అప్పటికే ట్రాక్టరు మాట్లాడాడు, ఊళ్లో ఇరవై మందికి చెప్పాడు, నాకు తెల్ల చొక్కా కుట్టించాడు. అక్క నాకు మూడు వాక్యాలు నేర్పింది. నా పేరు ఇది, మా ఊరు ఇది, మిమ్మల్ని చూసి సంతోషమైంది. రెండు వారాలపాటు తాండూరులో బస్సు దిగి కాలేజీదాకా, రోడ్డు పక్కన దొంతులు పెట్టిన నాపరాళ్లకు నా పేరు, మా ఊరు చెప్పుకుంటూ, వాటిని చూసి సంతోషపడుతూ నడిచాను.

అనంతగిరిలో గుడికి కాస్త దూరంగా ఒక హాల్లో మీటింగు. తెల్ల గడ్డం పెద్దాయన ఒకరు, ఆయన పక్కన హైదరాబాదు యూనివర్సిటీలో జర్మన్ చెప్పే మేడం ఒకావిడ. నా పేరు పిలవగానే మా ట్రాక్టరు జనమంతా లేచి నిలబడ్డారు. పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోపలే నేను మూడు వాక్యాలూ ఒక్క ఊపిరిలో అప్పజెప్పి, పని అయిపోయినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆయన సంతోషించి ఏదో అడిగాడు. నేను నా పేరు చెప్పాను. ఆయన నవ్వి మళ్లీ అడిగాడు. మా ఊరు చెప్పాను. మూడోసారి నెమ్మదిగా, చేతులతో చూపిస్తూ అడిగాడు. మిమ్మల్ని చూసి సంతోషమైందన్నాను. నా దగ్గరున్న సరుకు అంతటితో అయిపోయింది. నాయిన ఇదంతా పెద్ద సంభాషణ అనుకుని పక్కవాళ్లవైపు గర్వంగా చూస్తున్నాడు.

అప్పుడు వెనక ఆడవాళ్ల మధ్యలోంచి ఒక గొంతు జవాబు చెప్పింది. అక్క. తర్వాత ట్రాక్టరులో తెలిసింది, ఆయన అడిగింది కోట్‌పల్లి ప్రాజెక్టు ఈ ఏడు నిండిందా అని. వానాకాలంలో ప్రాజెక్టు నీళ్లు ఎలా ఉంటాయో, ఏ పక్షులు దిగుతాయో అక్క ఉత్తరాల్లో రాసేదట. నిండింది, కట్ట మీదికి పోయే బాట కూడా రెండు రోజులు నీళ్లలో ఉండింది అని చెప్పిందట. ప్రాజెక్టు నిండిందో లేదో అడిగితే తెల్లముఖం వేసిన ఆయకట్టు రైతు కొడుకును ఈ జిల్లాలో నేనొక్కణ్నే అయి ఉంటాను. పెద్దాయన నన్ను వదిలేసి ఆమె వైపు నడిచాడు. ఇంకేదో అడిగాడు. ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ, తల వంచుకునే ఉండి, తడబడకుండా చెప్పింది. ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. మా అక్కను పరాయివాళ్ల ముందు అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. మేడం తెలుగులోకి దిగి, "ఈ అమ్మాయి ఎవరు? ఈమెకు ఇంత బాగా ఎవరు నేర్పారు?" అని అడిగింది.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. నాయిన ముఖంలో గర్వం పోయి ఇంకేదో వస్తోంది. ఇన్నాళ్లూ పరాయి దేశపు మగవాళ్లకు ఉత్తరాలు రాసింది ఎవరన్న లెక్క ఆయన మనసులో మెల్లగా తేలుతోంది. ఆ లెక్క పూర్తయితే అక్కకు రేడియో పోతుంది, పుస్తకాలు పోతాయి, ఇంకా ఏమేం పోతాయో నాకు తెలుసు. అందుకే, ఆమెను కాపాడడానికే నేను ఆ మాటన్నానని ముప్పై ఏళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. అందులో సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఇరవై మంది ముందు నా తెల్ల చొక్కా పరువు పోతోంది, దాన్ని నిలబెట్టుకునే దారి దొరికింది. నేను రెండడుగులు ముందుకేసి, ఛాతీ విరుచుకుని చెప్పాను.

"మా అక్క మేడం. నేనే నేర్పిన."

అక్క నావైపు చూసింది. ఆ చూపును వర్ణించడానికి నాకు వచ్చిన ఏ భాషా సరిపోలేదు. తర్వాత తల ఊపి, "అవు మేడం, మా తమ్ముడే నేర్పిండు" అంది. చప్పట్లు మొదలయ్యాయి. అవి గత నెల దాకా ఆగలేదు. పల్లెటూళ్లో ఉండి, ఇంట్లో ఆడపిల్లకు ఇంత చక్కగా నేర్పినవాడు పుట్టుకతోనే ఉపాధ్యాయుడని, నేను కావాలనే మాట్లాడకుండా నిలబడి శిష్యురాలి చేత మాట్లాడించిన వినయశీలినని మేడం అక్కడే మెచ్చుకుంది. (వినయం అనే నింద నాకు ఆనాడే పడిందన్నమాట.) ఇంటర్ కాగానే యూనివర్సిటీలో ఐదేళ్ల కోర్సుకు దరఖాస్తు పెట్టించండి, నేను చూసుకుంటాను అని నాయినకు చెప్పింది. నన్ను తాండూరులో రాళ్లు పాలిష్ పట్టే చోట పనికి పెడదామనుకున్న నాయిన, ట్రాక్టరెక్కే లోపల నన్ను మనసులోనే హైదరాబాదు పంపించేశాడు. అక్కను ఎవరూ ఏ కోర్సుకూ దరఖాస్తు పెట్టమనలేదు. ఆమె గురువు పక్కనే ఉన్నాడు గదా, ఆమెకు కోర్సెందుకు?

తిరుగు దారిలో నాయిన అక్కను చూసి, "తమ్ముడు మంచిగ నేర్పిండు బిడ్డా," అన్నాడు. "మస్తు ఓపికతోని నేర్పిండు నాయినా," అంది అక్క. ఆ ఓపిక ఎలాంటిదో చూపించడానికి ట్రాక్టరు ఊగినప్పుడల్లా నా తొడ మీద మెలిపెట్టి గిల్లింది. ఊరు చేరేసరికి నడవలేకపోయాను. జనం జ్వరం ఇంకా తగ్గలేదనుకున్నారు.

ఆ తర్వాత యూనివర్సిటీ ఎంట్రెన్సు పరీక్ష దాకా నా బతుకు ఏమైందో చెప్తే జాలిపడతారు. అక్క చేతిలో ఎండిన కంది కట్టె ఉండేది. పొద్దున్నే చేనుగట్టు మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని వినమనేది. నోటితో సరిగ్గా చెప్పేదాకా పుస్తకం ముట్టనిచ్చేది కాదు, రాయనిచ్చేది కాదు. నాయిన అటుగా వస్తే మాత్రం కట్టె నా చేతిలో పెట్టి, తాను తల వంచుకుని శిష్యురాలిలా కూర్చునేది. "అక్కను కొట్టకురా, పెండ్లి కావాల్సిన పిల్ల" అని నాయిన నన్ను మందలించి పోయేవాడు. ఆయన గట్టు దాటగానే కట్టె మళ్లీ చేతులు మారేది. ఇవాళ నా విద్యార్థులు మా సార్ పద్ధతే వేరు, ముందు వినిపిస్తాడు, తర్వాత పలికిస్తాడు, చివరికి గానీ రాయించడు అని రాసిస్తుంటారు. ఆ పద్ధతి మీద నేనొక సెమినార్లో పేపరు కూడా చదివాను. కింద ఎవరెవరి పుస్తకాలో చూశానని రెండు పేజీల జాబితా ఇచ్చాను. ఆ జాబితాలో మా అక్క లేదు. ఇది నేను చేసిన నీచత్వాల్లో చివరిది, అన్నింటికన్నా పెద్దది. పద్దెనిమిదేళ్ల వాణ్ని భయపడ్డాడని వదిలేయవచ్చు. పేపరు చదివిననాడు నాకు నలభై దాటాయి, నాయిన కూడా లేడు.

అక్కను తాండూరుకే ఇచ్చారు. బావది చిన్న పాలిషింగ్ యూనిట్. మంచి మనిషి. పెళ్లయిన ఆరు నెలలకే అక్క సరిహద్దు అవతలి క్వారీల నుంచి రాళ్లు తెచ్చే లారీ డ్రైవర్లతో కన్నడంలో పోట్లాడడం మొదలుపెట్టింది. పగిలిన బండ ఒక్కటున్నా దింపుకునేది కాదు. భాషంటే మా ఇంట్లో ఎవరికి వస్తుందో తెలుసుకోవడానికి సన్మాన సభలు అక్కర్లేదు, ఆ లారీ డ్రైవర్లను అడిగితే చాలు.

ఇంతవరకు రాసి, పోయిన ఆదివారం ఈ కాగితాలు పట్టుకుని తాండూరు పోయాను. మిషన్ల చప్పుడు ఆ పూట లేదు. అక్క అరుగు మీద కూర్చుని మొత్తం చదివించుకుని విన్నది. నీచత్వం అన్నచోటల్లా గొంతు కొంచెం పెంచి చదివాను, ఆమె వద్దంటుందేమోనని. వద్దనలేదు. అంతా అయ్యాక, తప్పులేమన్నా ఉన్నాయా అని అడిగాను.

"తప్పులేం లేవు," అంది. "నువ్వేమేం చేసినవో అంత రాసినవ్. నేనెందుకు చేసిన్నో రాయలే."

రాయలేదు, ఎందుకంటే నాకు తెలియదు. చదువు మీద ఇష్టంతో కదా అన్నాను. అక్క చాలా చిరాగ్గా నావైపు చూసింది.

"ఇష్టమెక్కడిది? ఆ దేశం ఎటుందో గూడ తెల్వది నాకు. ఆ రేడియోల ఒకామె ఉండె. కార్యక్రమం అయిపోతుంటె రోజూ చెప్పేది, మాకు రాయుండ్రి, మీ ఉత్తరం కోసం చూస్తుంటం అని. మనింట్ల నన్నెవరన్న రాయమన్నరారా? కందుల సంచి మీద పేరు రాయమన్నరు, గంతే. ఆమె ఒక్కతి అన్నది, అందుకే రాసిన. ముల్లు ఇంకొంచెం తిప్పితే చైనావాళ్లు ముందుగాల దొరుకుతుండిరి కావచ్చు. నువ్వు ఇయ్యాల చైనా భాష చెప్పుకుంట తిరుగుతుంటివి."

చెప్పి తనే నవ్వింది. నేను కూడా నవ్వానుగానీ, కాస్త ఆలస్యంగా. ఇరవై ఏళ్లుగా ప్రతి కొత్త బ్యాచ్‌నూ మొదటి రోజు నిలబెట్టి, జర్మన్ ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారని ఒక్కొక్కళ్లనూ అడుగుతాను. ఉద్యోగానికని, పైచదువుకని, ఊరికేనని వాళ్లు చెప్పేది శ్రద్ధగా రాసుకుంటాను. ఆ ప్రశ్న మా అక్కను ఒక్కసారన్నా అడగాలని తట్టలేదు. ఎంత మంచి ఉపాధ్యాయుణ్నో చూడండి, అదీ పుట్టుకతో.

తిరిగి వచ్చేటప్పుడు వికారాబాదు బస్సులో పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఒడిలో కొత్త తువ్వాలులో కట్టిన మూట. ఏం పని చేస్తావని అడిగాడు. జర్మనీ భాష పాఠం చెప్తానన్నాను. ఎక్కడ నేర్చినవ్ మరి అన్నాడు. మా అక్క నేర్పిందన్నాను. నేను వినయం అనే మాట కోసం ఎదురు చూశాను. ఆయన ఒడిలో మూట సర్దుకున్నాడు.

"అయితే ఆమెకు నీకన్న మంచిగ వస్తుండాలె," అన్నాడు.

వస్తుందన్నాను. ఆయన తల ఊపి, ఇంకేమీ అడగకుండా కిటికీలోంచి బయటికి చూడసాగాడు. నా జీవితంలో అంత సుఖమైన బస్సు ప్రయాణం ఇంకొకటి లేదు.